ఫాయిల్ పేపర్ చుడితే వైఫై మిద్దెక్కదు

"ఇంట్లో ప్రతి మూలకూ వైఫై రావాలా? టెక్నీషియన్లు మీకు చెప్పని ఏడు రహస్యాలు" అంటూ ఒక మెసేజ్ ఒంగోలు, నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి ఎవరి పెళ్లికో పెట్టి తీసేయడం మర్చిపోయిన గ్రూపులో కూడా అదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: రూటర్ వెనక అల్యూమినియం ఫాయిల్ పెట్టండి. నెట్ ప్లాన్ పెంచండి. యాంటెన్నాలు ఎక్కువున్న రూటర్ కొనండి. సిగ్నల్ రాని గదిలో బూస్టర్ తగిలించండి. పేరు చివర 5జీ అని ఉన్న వైఫైకే కనెక్ట్ అవ్వండి. రాత్రిపూట రూటర్ ఆపేయండి. వైర్లు లాగించకండి, వాటి కాలం పోయింది.

నేను ఈ రెండు జిల్లాల్లోనూ నెట్, సీసీ కెమెరాల పని చేసేవాణ్ణి. చెప్పకపోవడమేమిటి, చెప్తూనే ఉంటాం. వైర్ అనగానే కొత్తగా వేయించిన పెయింట్ గుర్తొచ్చి వినరు, అంతే.

ముందు ఫాయిల్ సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇన్నేళ్లుగా నడుస్తోంది. లోహం రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది. 2017లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు గదుల అమరికను బట్టి కంప్యూటర్‌లో లెక్కకట్టి, ఒక వంపుల ఆకారాన్ని త్రీడీ ప్రింటర్‌లో తీసి, దానికి లోహపు పొర అంటించి రూటర్ దగ్గర పెట్టారు. కావాల్సిన వైపు సిగ్నల్ పెరిగింది, వద్దనుకున్న వైపు తగ్గింది. మెసేజ్ రాసినాయన "పెరిగింది" వరకు తీసుకుని "తగ్గింది" వదిలేశాడు. ఫాయిల్ కొత్తగా సిగ్నల్ పుట్టించదు, ఒక పక్కది తీసి ఇంకో పక్కకు తోస్తుంది. రూటర్ వీధి వైపు గోడకు ఆనుకుని ఉంటే రోడ్డు మీదికి పోయేదాంట్లో కాస్త లోపలికి తిరగొచ్చు. ఇంటి మధ్యలో ఉంటే మాత్రం ఫాయిల్ వెనక గదిలో ఉన్నవాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు. వంటింట్లో చపాతీలు చుట్టే చుట్టలోంచి చింపిన ముక్క ఎటు తోస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. రూటర్ చుట్టూ పూర్తిగా చుట్టేసినవాళ్ళనూ చూశాను. అలా చేస్తే సిగ్నల్ ఎటూ సరిగ్గా పోదు, పెట్టె గాలాడక వేడెక్కుతుంది.

ప్లాన్ పెంచమన్న సలహా దగ్గర జనం నిజంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఒంగోలు లాయర్‌పేటలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్తే గుమ్మంలోనే అడిగారు: "ఏం నాయనా, 30 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 100ది పెట్టించా. మిద్దె మీద మా కోడలు మీటింగులో కూర్చుంటే ఇంకా మొహం ఆగిపోతానే ఉందంట. ఏంది కథ?" బాబాయ్, ఫోన్ ఇట్లా ఇవ్వండి అని రూటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేశాను. తొంభై పైనే వచ్చింది. అదే ఫోన్ తీసుకుని కోడలిగారి గదిలో చేస్తే మూడూ నాలుగూ మధ్య ఊగుతోంది. అంటే కంపెనీ నుంచి పెట్టె దాకా రావాల్సినది వస్తోంది, పెట్టె నుంచి గదికి పోవట్లేదు. ప్లాన్ అనేది వీధిలోంచి ఇంట్లోకి ఎంత రానివ్వాలన్న హద్దు మాత్రమే. రూటర్ గాల్లోకి ఎంత బలంగా పంపాలన్నది ఆ పెట్టె తయారీని బట్టి, ప్రభుత్వం పెట్టిన పవర్ పరిమితిని బట్టి ఉంటుంది. మీరు 200 ఎంబీపీఎస్ కట్టినా అది మారదు. ఒక మంచి హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ చాలు. ఆ గదికి 30 ప్లాన్‌లో సగం చేరినా మీటింగ్ సాఫీగా జరిగేది.

ఎవరైనా సరే, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ రెండు టెస్టులు చేసుకోండి. రూటర్ పక్కన కూడా స్పీడ్ రాకపోతే అప్పుడు కంపెనీవాళ్ళకు ఫోన్ చేయండి. పెట్టె మీద లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే అది వైఫై సమస్యే కాదు, ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా బాగా మడత పడింది.

ఆ పెద్దాయన ఇంట్లో పెట్టె ఎక్కడుందో చెప్పాలి. హాల్లో టీవీ వెనక సందులో. ఒక పక్క స్టెబిలైజరు, ఇంకో పక్క షోకేసులో వరసగా ఇత్తడి బిందెలు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు స్తంభం నుంచి దగ్గర దారి చూసుకుని, కిటికీ పక్క కన్నం వేసి, మొదట కనపడిన ప్లగ్గు దగ్గర పెట్టి పోయాడు. అతని తప్పు కాదు, రోజుకి అన్ని ఇళ్లు తిరగాలి. కానీ ఇంటి మూలన, నేలకు జానెడెత్తులో, లోహాల మధ్య ఇరుక్కున్న పెట్టె నుంచి మిద్దె మీద వెనక గదికి సిగ్నల్ రమ్మంటే ఎట్లా వస్తుంది?

మన ఇళ్ల గోడలు కూడా చూసుకోవాలి. బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక, లోపలి అడ్డగోడలు నాలుగున్నర. ఇటుక గోడ ఒక్కటి దాటితే సిగ్నల్ బలం మామూలుగా సగానికో, పావుకో పడిపోతుంది. ఇనుప చువ్వలతో పోసిన స్లాబ్ అంతకంటే చాలా ఎక్కువ తినేస్తుంది. స్టీలు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వెనకున్న లోహపు పూత, చేపల తొట్టెలో నీళ్లు, అన్నీ అడ్డే. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: సిగ్నల్ గోడకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా పోతే దానికి గోడ మందం పెరిగినట్టే. బాగా ఏటవాలైతే తొమ్మిది అంగుళాల గోడ పద్దెనిమిది అంగుళాల గోడ అవుతుంది. అందుకే ఒకే గోడ అవతల ఉన్న రెండు గదుల్లో ఒకదానికి వస్తుంది, ఒకదానికి రాదు.

అన్నట్టు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు లోహమనీ, అందుకే గ్రానైట్ వేసిన ఇళ్లల్లో వైఫై రాదనీ ఒక మాట మా వైపు వినపడుతుంటుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, లోహపు రేకులు కావు. పలక వేస్తే గోడ మందం ఆ మేరకు పెరుగుతుంది, అంతవరకే.

ఆ ఇంట్లో నేను చేసిందల్లా పెట్టెను మెట్ల పక్క గోడకు, తలకంటే ఎత్తులో మార్చడం. మెట్లున్న చోట స్లాబ్ ఉండదు కదా, సిగ్నల్ కూడా ఆ ఖాళీలోంచే పైకెక్కుతుంది. ఫైబర్ వైర్ సాగదీయడానికి కేబుల్ అబ్బాయిని పిలవాల్సి వచ్చింది. మెట్లు ఎక్కగానే ఉన్న గదిలో మీటింగ్ ఆగకుండా నడిచింది. దాని వెనక గదికి మాత్రం ఇంకా సరిగ్గా అందలేదు. దాని సంగతి వైర్ల దగ్గర చెప్తాను.

యాంటెన్నాల లెక్క. ఆరు కొమ్ములున్న రూటర్‌ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ కొమ్ముల సంఖ్యకూ దూరానికీ నేరుగా సంబంధం లేదు. లోపల రేడియో ఎన్ని దారుల్లో ఒకేసారి పంపగలదన్నది ముఖ్యం. చవక మోడళ్లలో రెండు దారులకే నాలుగు కొమ్ములు తగిలించి అమ్ముతారు. ఇక నిలబెట్టిన కొమ్ము నుంచి సిగ్నల్ గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది, కొమ్ము ఉన్నది గారె చిల్లు దగ్గర. పక్కలకు బాగా పోతుంది, సరిగ్గా నెత్తి మీదికీ కాళ్ల కిందికీ తక్కువ. ఎక్కువ డీబీఐ (dBi, సిగ్నల్‌ను ఒక వైపుకు ఎంత కూడగడుతుందో చెప్పే అంకె) అని రాసిన యాంటెన్నా ఆ గారెను ఇంకా పల్చగా నొక్కుతుంది. ఒకే అంతస్తు ఇంటికి అది మేలే, పైన కూడా గదులున్న ఇంటికి నష్టం. పైకి కావాలంటే ఒక కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇంతకీ వైఫై అంటే రూటర్ ఒక్కటే మాట్లాడేది కాదు, ఫోన్ జవాబివ్వాలి. ఫోన్‌లో బ్యాటరీ చిన్నది, యాంటెన్నా చిన్నది, పంపే బలం రూటర్ కంటే తక్కువ. ఫోన్‌లో గీతలు నిండుగా కనపడుతున్నా పేజీ తెరుచుకోదే, అప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. ఎంత పెద్ద రూటర్ కొన్నా ఫోన్ బలం పెరగదు.

బూస్టర్ విషయానికొస్తే, వస్తువు చెడ్డది కాదు, పెట్టమన్న చోటు చెడ్డది. సిగ్నల్ రాని గదిలో పెడితే అది దేన్ని పెంచుతుంది? దానికి అందిన అరకొర సిగ్నల్‌నే మళ్లీ పంపుతుంది. ఫోన్‌లో గీతలు నిండుగా వస్తాయి, నెట్ మాత్రం రాదు. దాన్ని పెట్టాల్సింది దారి మధ్యలో, రూటర్ సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న చోట. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే సిగ్నల్ మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 65 చుట్టుపక్కల ఉంటే అక్కడ బూస్టర్ పెట్టొచ్చు. మైనస్ 80 దాకా పడిపోయిన చోట పెట్టడం దండగ. సరైన చోట పెట్టినా, ఒకే రేడియో ఉన్న చవక బూస్టర్ ఒక చేత్తో తీసుకుని అదే చేత్తో ఇవ్వాలి కాబట్టి స్పీడ్ సుమారు సగమవుతుంది. ఫోన్‌లో పాటలకీ, వాట్సాప్‌కీ చాలు. పిల్లల ఆన్‌లైన్ పరీక్షకు దాన్ని నమ్ముకోమని నేను చెప్పను. మెష్ అని రెండు మూడు పెట్టెల సెట్లు వస్తున్నాయి, అవి దీనికంటే నయం, ఖరీదూ ఎక్కువే. అయితే గోడలు వాటికీ గోడలే.

5జీ అని ఉన్న పేరు గురించి టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. అది సెల్ టవర్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. రూటర్ ఉన్న గదిలో, పక్క గదిలో అదే వాడండి, స్పీడ్ బాగుంటుంది. గోడలు దాటడంలో మాత్రం అదే రూటర్ ఇచ్చే రెండో రకం, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైదే పైచేయి. మెసేజ్ చెప్పినట్టు అన్ని ఫోన్లనూ 5కే కట్టేస్తే వెనక గదిలో అమ్మమ్మ చూసే సీరియల్ ఆగిపోతుంది. 2.4కి ఉన్న చిక్కు వేరు: నెల్లూరు మాగుంట లేఅవుట్ లాంటి చోట అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాట్ రూటరూ అందులోనే అరుస్తుంది. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. యాప్‌లో చూసి వాటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. చుట్టూ పొలాలున్న ఇంటికి ఈ బెడద లేదు.

రాత్రిపూట ఆపేయడం వల్ల కరెంటు కాస్త మిగులుతుంది. రేంజ్ పెరగదు. ఎప్పుడైనా పెట్టె మొరాయిస్తే ఆపి వేయడం వేరే విషయం.

ఇక చివరిది, వైర్ల కాలం పోయిందన్నది. ఆ ఏడింటిలో ఎక్కువ చెడు చేసేది ఇదే, ఎందుకంటే మిగతా ఆరూ చేసి విసిగిపోయినవాడికి పనికొచ్చే దారిని మూసేస్తుంది. లాయర్‌పేట ఇంట్లో మిద్దె మీద వెనక గదికి చివరికి రూటర్ నుంచి క్యాట్ 6 అనే నెట్ కేబుల్ లాగాం. రాగి కేబుల్ మీద 100 మీటర్ల దాకా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడ్ తగ్గకుండా పోతుంది, గోడలతో దానికి పనిలేదు. పైన కొత్త పెట్టె కూడా కొనలేదు. కంపెనీ మార్చినప్పుడు మిగిలిపోయిన పాత రూటర్ అటక మీద ఉంటే దించాం. ఇలా పాత రూటర్ వాడేటప్పుడు దాని సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (DHCP, ఫోన్లకు నెట్‌వర్క్ నంబర్లు పంచే పని) ఆపేయాలి, దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పెట్టె నంబరు) కింది అంతస్తు పెట్టెది కాకుండా వేరేది ఇవ్వాలి, వైఫై పేరూ పాస్‌వర్డూ కింద ఉన్నవే పెట్టాలి, ఛానెల్ మాత్రం వేరేది. కేబుల్‌ను వాన్ (WAN) అని ఉన్న రంధ్రంలో కాకుండా ల్యాన్ (LAN) అని ఉన్న దాంట్లో గుచ్చాలి. చాలామంది ఇక్కడే తప్పు చేసి "పాత రూటర్ పోయిందిలే" అనుకుంటారు. పేరు ఒకటే కాబట్టి మెట్లెక్కేటప్పుడు ఫోన్ తనంతట తానే పై రూటర్‌కు మారుతుంది. కొన్ని ఫోన్లు కాస్త మొండిగా కింద దాన్నే పట్టుకుని వేలాడితే వైఫై ఒకసారి ఆపి వేయండి.

కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియంది చవకగా అంటగడతారు, అది వంచితే తొందరగా విరుగుతుంది. కరెంటు వైర్లున్న పైపులోంచే లాగనివ్వకండి. బయట గోడ మీదుగా తీసుకెళ్లేటట్టయితే అవుట్‌డోర్ రకం నల్ల తొడుగుది తీసుకోండి, మామూలుది మన ఎండలకు పెళుసెక్కి పగులుతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా కిలుం పడతాయి, బయట జాయింట్లు పెట్టకండి. పెరట్లో విడిగా ఉన్న ఇంకో ఇంటికి ఇవ్వాలంటే రాగి వద్దు, పిడుగులు పడే చోట ఫైబరే క్షేమం.

ఇల్లు ఇప్పుడు కడుతున్నవాళ్ళకు ఇదంతా అక్కర్లేదు. స్లాబ్ పోయకముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, కరెంటు పైపులకు దూరంగా, హాలు నుంచి ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ పైపు వేయించి, లోపల లాగుడు తాడు వదిలేయమనండి.