విటమిన్ డి తొమ్మిదే ఉంది, ఇంజెక్షన్ వెయ్యరేం?

బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఐసీయూ బయట వరండా. లోపల ఇచ్ఛాపురం పెద్దావిడ. న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ రక్తానికెక్కి వెంటిలేటర్ మీద ఉంది. బయట ఆమె కొడుకు, బరంపురంలో పట్టుచీరల కొట్టు ఆయనది. పక్కన ఆయన బావమరిది, విశాఖలో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఇద్దరూ కల్పితమే. నేను ఎవరి పక్షమో కాసేపట్లో మీకే తెలిసిపోతుంది.

బావ: ఇదిగో రిపోర్టు. విటమిన్ డి 9 అట. 30 ఉండాలని పక్కనే రాసుంది. డ్యూటీ డాక్టర్ని అడిగితే "తర్వాత చూద్దాం లెండి" అంటాడు. పరీక్షకి వెయ్యి పైచిలుకు తీసుకున్నారు, ఒక్క ఇంజెక్షన్‌కి చేతులు రావా?

బావమరిది: ఆ పరీక్ష చెయ్యమని ఎవరన్నారు బావా?

బావ: నేనే అన్నాను. డి తక్కువున్నవాళ్లు ఐసీయూలో ఎక్కువగా పోతారని చదివాను. అబద్ధమా?

బావమరిది: అబద్ధం కాదు. చాలా అధ్యయనాల్లో అదే కనిపించింది. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది చూడాలి. రక్తంలో ఈ విటమిన్ ఒంటరిగా తిరగదు, ఒక ప్రొటీన్‌ని పట్టుకుని తిరుగుతుంది. ఒంట్లో ఇంత ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ ప్రొటీన్ పడిపోతుంది, అల్బుమిన్ అనే ఇంకో ప్రొటీనూ పడిపోతుంది. పైగా అత్తయ్యకి మొదటి రోజు నుంచీ సెలైన్ సీసాలు ఎక్కిస్తూనే ఉన్నారు, ఉన్నది కాస్తా పలచబడింది. బాగానే ఉన్న మనిషికి మోకాలి ఆపరేషన్ చేసినా రెండు రోజుల్లో ఈ అంకె దిగిపోతుంది. తిత్లీ తర్వాత ఉద్దానంలో పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టారు గదా? ఆ లెక్కతో తుపాను ఎంత పెద్దదో తెలిసింది. చెట్లు లేవనెత్తితే తుపాను రాలేదని అనగలమా? ఈ 9 కూడా అంతే. ఎంత జబ్బు చేసిందో చెబుతోంది.

బావ: ఆగాగు. అమ్మ రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులతో గడప దాటలేదు. ఎండ మొహం చూడలేదు. ఈ వయసులో చర్మం కూడా పెద్దగా తయారు చెయ్యదని నువ్వే అన్నావు ఒకసారి. మరి జబ్బుకి ముందే తక్కువై ఉండొచ్చు గదా? అంతా జబ్బు మీదకి తోసేస్తే ఎలా?

బావమరిది: ఉండొచ్చు. ఇవాళ్టి రిపోర్టు చూసి ఎంత పాతదో, ఎంత కొత్తదో తేల్చలేం.

బావ: తేల్చలేనప్పుడు ఇచ్చేస్తే పోయేదేముంది? ఇంకోటి కూడా చదివాను. ఆస్ట్రియాలో 2014లో 492 మంది ఐసీయూ రోగుల మీద డి పెద్ద మోతాదుని పరీక్షించారు. 12 కంటే తక్కువున్నవాళ్లలో, మందు ఇవ్వని గుంపులో నూటికి 46 మంది ఆసుపత్రిలోనే పోయారు. ఇచ్చిన గుంపులో 29 మంది. అమ్మకి 9. దీనికేమంటావు?

(ఇది గట్టి దెబ్బే. బావమరిది వెంటనే జవాబు చెప్పలేదు, మంచినీళ్ల సీసా మూత తీసి పెట్టుకున్నాడు.)

బావమరిది: మీరు చదివింది నిజమే. కానీ ఆ పరీక్షలో అసలు కొలిచింది ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నారని. అందులో తేడా రాలేదు. మీరు చెప్పింది అందులోంచి విడదీసిన చిన్న గుంపు, రెండు వందల మంది. అలా విడదీసి చూస్తే అదృష్టం కూడా మందులా కనిపిస్తుంది. అందుకే అమెరికాలో మళ్లీ చేశారు, 2019లో అచ్చయింది. డి తక్కువున్నవాళ్లు వెయ్యి మందికి పైనే, ఐసీయూ దారి పట్టినవాళ్లు. సగటున వాళ్లకి 11, అంటే అత్తయ్యకి దగ్గరే. ఒక్క మోతాదు, 5 లక్షల 40 వేల యూనిట్లు. మన మందుల షాపులో వారానికొకటి వేసుకోమని ఇచ్చే 60 వేల పొట్లాలు ఉంటాయే, అవి తొమ్మిది ఒకేసారి పట్టించినట్టు. మూడో రోజుకి రక్తంలో అంకె 47కి ఎగబాకింది. తొంభై రోజులకి చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో నూటికి 23.5 మంది పోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 20.6. ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, మేలు మాత్రం ఎక్కడా లేదు. మధ్యలోనే ఆపేశారు. రిపోర్టు బాగుపడింది బావా, మనిషి కాదు.

బావ: ఆపేశారు సరే. మరి అంతా తేలిపోతే యూరప్‌లో 12 కంటే తక్కువున్నవాళ్లనే ఎంచుకుని, పెద్ద మోతాదు తర్వాత రోజూ ఇస్తూ, ఇంకో పెద్ద పరీక్ష ఎందుకు పెట్టారు? వాళ్లకి పనిలేకనా?

బావమరిది: పూర్తిగా తేలలేదు. ఒప్పుకుంటాను.

బావ: ఒప్పుకున్నావుగా! ఇలా నీళ్లు నమిలే బదులు మొదటే విశాఖ తీసుకెళ్లుంటే...

బావమరిది: మొదటి రోజు ఫోన్లో నేనన్నది అదే. వైద్యం కార్డు ఆంధ్రాది, ఆసుపత్రి ఒరిస్సాది, ఇక్కడ చెల్లుతుందో లేదో అన్నాను. విన్నారా?

బావ: ఆక్సిజన్ పడిపోతున్న మనిషిని నాలుగైదు గంటలు అంబులెన్సులో ఎక్కించి పంపమంటావా? ఇచ్ఛాపురానికి బరంపురం దగ్గర. కార్డు చూసుకుని జబ్బు చేస్తుందా? మీ అక్క కూడా ఇదే పాట. బిల్లు నేను కట్టుకుంటాను, ఎవరూ ఇవ్వక్కర్లేదు.

బావమరిది: డబ్బు సంగతి ఎవరెత్తారు?

బావ: నువ్వే ఎత్తావు.

(కాసేపు మౌనం. నర్సు బయటికొచ్చి కఫం లాగే సక్షన్ ట్యూబులు తెమ్మని చీటీ చేతిలో పెట్టింది. బావమరిది కిందికెళ్లి తెచ్చాడు.)

బావమరిది: మీరడుగుతున్న ఇంజెక్షన్ 6 లక్షల యూనిట్లది, నూనెలో కలిపింది, కండలోకి వేస్తారు. అత్తయ్యకి బీపీ నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ నడుస్తోంది. కండలకే రక్తం సరిగా అందని మనిషిలో ఆ నూనె ఎప్పుడు కరిగి ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కూడా ఇస్తున్నారు. అలాంటప్పుడు కండలో సూది దించితే లోపల రక్తం గూడుకట్టే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి. ఇచ్చిన విటమిన్ ఇచ్చినట్టే పనిచెయ్యదు. లివర్‌లో ఒకసారి, కిడ్నీలో ఒకసారి మారాలి. అత్తయ్య క్రియాటినిన్, అదే కిడ్నీ పనితీరు చెప్పే అంకె, నిన్నటి నుంచి పెరుగుతోంది. పక్కనే ఉద్దానం పెట్టుకుని కిడ్నీ సంగతి మీకు నేను చెప్పాలా?

బావ: అంటే అసలు ఇవ్వొద్దంటావు.

బావమరిది: అసలు వద్దని కాదు. రక్తంలో అయోనైజ్డ్ కాల్షియం, అంటే దేన్నీ పట్టుకోకుండా విడిగా తిరిగే కాల్షియం, ఎంతుందో అడగండి. అది తగ్గితే గుండెకీ బీపీకీ ఇబ్బంది, అది ఇవాళే సరిచెయ్యాల్సింది. ఏ క్రిమో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చిందా, యాంటీబయాటిక్ దానికి సరిపడిందేనా అని అడగండి. ముక్కు గొట్టంలోంచి పాలు, జావ ఇమిడాక డి చుక్కలు మామూలు మోతాదులో అందులోనే వేస్తారు. ఇంటికొచ్చాక వారం వారం పొట్లం నేనే గుర్తుచేస్తాను. మోకాళ్లకీ ఎముకలకీ అది కావాలి.

బావ: ఆస్ట్రియాలో అంత పెద్ద మోతాదు ఇస్తే ఎవరికైనా హాని జరిగిందా?

బావమరిది: పెద్దగా ఏమీ జరగలేదు. వాళ్లిచ్చింది కూడా నోట్లోంచో గొట్టంలోంచో. కండలోకి కాదు.

బావ: అయితే గొట్టంలోంచి ఇవ్వమని అడుగుతాను.

బావమరిది: ముందు కాల్షియం అడగండి.

బావ: రెండూ అడుగుతాను. డాక్టర్ రౌండ్స్‌కి ఆరింటికొస్తాడట. నువ్వు పక్కనే ఉండు, వాడు ఇంగ్లీషులో తప్పించుకోకుండా.