పాస్ రాస్తే ఎర్రర్ పోదు, లెక్క పోతుంది

కర్నూలులో ఫైనలియర్ ప్రాజెక్టులు చేసే పిల్లల ఫోన్లలో ఈ సలహా తెగ తిరుగుతోంది: "పైథాన్‌లో జేసన్ చదివేటప్పుడు ఎర్రర్ వస్తే టెన్షన్ వద్దు. చదివే లైనును ట్రైలో పెట్టి కింద ఎక్సెప్ట్, పాస్ అని రాయండి, ప్రోగ్రామ్ ఆగదు. ఎర్రర్ మెసేజ్ చదివినా లాభం లేదు. ఎర్రర్ రాలేదంటే డేటా కరెక్టే. ఇంకా భయముంటే గో భాష వాడండి, అందులో ఈ గొడవే లేదు."

జేసన్ అంటే డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి. ట్రైలో ఉన్న పనిలో ఎర్రర్ వస్తే ఎక్సెప్ట్ పట్టుకుంటుంది, పాస్ అంటే ఏమీ చేయకుండా ముందుకు సాగమని. ప్రోగ్రామ్ ఆగదు, నిజమే. ఆగకుండా ఏం చేస్తుందో చూడండి. ఆదోని యార్డు పత్తి ధరలు లైనుకొకటి చొప్పున ఒక ఫైలులో ఉన్నాయనుకుందాం. లూప్‌లో ఒక్కో లైను చదివి 'రో' అనే వేరియబుల్‌లో పెడతాం, కింద, ట్రై బయట, దాని ధరను మొత్తానికి కలుపుతాం. నాలుగో లైను పాడైంది. పాస్ దాన్ని దాటేస్తుంది కానీ 'రో'లో మూడో లైను అలాగే ఉంటుంది. కింది లైను మూడో ధరనే మళ్లీ కలుపుతుంది. సగటు తప్పుతుంది, తెర మీద ఒక్క హెచ్చరికా రాదు. రైతుకు ధర చెప్పే ప్రాజెక్టులో ఇది చిన్న పొరపాటు కాదు. పైగా ఏ రకం ఎర్రరో చెప్పని ఎక్సెప్ట్, ట్రైలో మీరు వేరియబుల్ పేరు తప్పు రాసినా మింగేస్తుంది, కంట్రోల్-సి కొట్టి ఆపబోయినా మింగేస్తుంది.

ఒక్క లైను కోసం ఫైలంతా ఆగకూడదన్న కోరికలో తప్పు లేదు. అందుకు జేసన్‌డీకోడ్‌ఎర్రర్‌ను (జేసన్ రాత తప్పితే వచ్చే ఎర్రర్) మాత్రమే పట్టుకోండి. పాడైన లైనును నంబరుతో సహా వేరే ఫైలులో రాసి, పాస్ బదులు కంటిన్యూ (కింది పని వదిలి తర్వాతి లైనుకు వెళ్లమనడం) పెట్టండి. ఎన్ని లైన్లు వదిలేశామో చివర్లో చూపించండి.

మెసేజ్ చదివితే లాభం లేదా? పైథాన్ 3.5 నుంచి ఆ ఎర్రర్‌లో లైను నంబరు, ఆ లైనులో ఎన్నో అక్షరమో రెండూ ఉంటాయి. మన కర్నూలు ఎస్‌టీడీ కోడ్ 08518ని జేసన్‌లో ఒక ఫీల్డు విలువగా కోట్స్ లేకుండా రాసి చూడండి. 'ఇక్కడ కామా ఉండాలి' అంటుంది. వింతగా అనిపిస్తుంది కానీ అది చూపించే చోటు సరైనదే. జేసన్‌లో అంకె సున్నాతో మొదలై ఇంకో అంకెతో సాగకూడదు కాబట్టి పార్సర్‌కు (జేసన్‌ను చదివే భాగానికి) సున్నాతోనే సంఖ్య అయిపోయింది. ముందున్న సున్నా చెరిపేస్తే ఎర్రర్ పోతుంది, కోడ్ కూడా పోతుంది. దాన్ని కోట్స్‌లో పెట్టాలి.

ఎర్రర్ రాకపోతే డేటా కరెక్టే అన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట. బ్రాకెట్లలో క్వింటా ఉల్లి ధరను మనం చేత్తో రాసినట్టే [1,250] అని రాయండి. పార్సర్ నోరెత్తదు. 1 ఒక ధర, 250 ఇంకో ధర అని రెండు అంకెలు చేతికిస్తుంది. పార్సర్ చూసేది వ్యాకరణం మాత్రమే. ధర అంకేనా, ఉండాల్సిన హద్దుల్లో ఉందా అని అడగాల్సింది మనం.

గో సంగతి క్లుప్తంగా. అక్కడ ఎర్రర్ ఒక విలువగా తిరిగొస్తుంది, దాన్ని అక్కర్లేదని చెప్పే అండర్‌స్కోర్ (_)లో పడేస్తే అదీ పాస్ లాంటిదే. ధర ఫీల్డు అసలు లేకపోతే మామూలు స్ట్రక్ట్‌లో (ఫీల్డులను కలిపి ఉంచే అమరిక) ఎర్రరే రాదు, 0 నిలిచిపోతుంది. ఆ ఫీల్డును పాయింటర్‌గా (విలువ ఉన్న చోటును చూపేదిగా) రాసుకుంటే లేని ధర నిల్‌గా, అంటే ఏమీ లేదన్నట్టు కనిపిస్తుంది, సున్నాలో కలిసిపోదు.