సవరణ: ఫోన్ నంబరు తప్పు రాశాను

పిల్లల మనసు, ప్రవర్తన సమస్యల మీద మా శ్రీకాకుళం సంస్థ ఏడాదిగా చేసిన పని గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. పిల్లాడు బడికి వెళ్లనని మొండికేసినా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా 1098కి ఫోన్ చేయమన్నాను. అది ఆపదలో ఉన్న పిల్లల కోసం. ఇలాంటి టెన్షన్లకు చేయాల్సింది 14416, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ తప్పు పట్టుకున్నది ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, ఆవిడకు దండం పెట్టాలి. రెండోది, పాలకొండను మా జిల్లాలోనే కలిపి రాసేశాను. 2022 ఏప్రిల్ 4న అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత అలవాటు, ఏం చేస్తాం! పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్నీ పంపండి, ముఖ్యంగా ఆ నంబరు.