అయిదు మీటర్ల తోక

ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు. అందుకని మాఘమాసంలో పెళ్ళి కావాల్సిన జంటలన్నీ ఈ నెల్లోనే ఫొటోషూట్లకి బయల్దేరతాయి. తెల్లారేసరికి కోనసీమలో ఏ కాలువ గట్టు చూడండి, ఒక కారు, రెండు స్టాండ్లు, చలికి వణుకుతూ నవ్వుతున్న ఇద్దరు మనుషులు. మొన్న మా ఫొటో బృందం వెళ్ళిన షూటూ అలాంటిదే. అమలాపురానికి కాస్త దూరంలో, కోతలైపోయిన చేల పక్కన. జరిగిన భాగోతానికి మూలం బట్టలే కాబట్టి ముందు వాటి సంగతి.

మూడు జతలు మించకూడదని ఏ ఫొటోగ్రాఫరైనా మొత్తుకుంటాడు. డిసెంబరు ఆఖర్లో ఆరున్నరకి పొద్దు పొడుస్తుంది. మెత్తటి వెలుతురు ఎనిమిదింటి దాకా ఉంటే గొప్ప. చీర కుచ్చిళ్ళు పెట్టి, పిన్నులు గుచ్చి, జడ మార్చి, పూలు పెట్టేసరికి నలభై నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి. ఈ జంట ఆరు జతలు తెచ్చారు. ఏడోదిగా పెళ్ళికూతురి మేనత్తగారు ఓ పాత నేత చీర సంచిలో కుక్కారు, "ఉంటే పోయేదేముందండీ" అని.

రంగుల గురించీ చెప్పాం. కొబ్బరితోటలో చిలకపచ్చ వద్దు. ఎంత ఖరీదైన ఉప్పాడ జాంధానీ అయినా ఆకుల్లో కలిసిపోయి, తల ఒక్కటే గెలకి వేలాడుతున్నట్టు వస్తుంది. పైగా ఆ పచ్చ కాంతి గడ్డం కిందకి కొట్టి, మనిషి పసరుమందు మింగినవాడిలా ఉంటాడు. మల్లెపువ్వులాంటి పంచె కూడా ప్రమాదమే. పంచెకి వెలుతురు సరిపెడితే మొహం నల్లబడుతుంది, మొహానికి సరిపెడితే జరీ అంచు మాయం. మీగడ రంగయితే ఈ గొడవలేదు. సన్నగళ్ళ చొక్కా వీడియోలో అలలు అలలుగా ఊగి చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. ఇద్దరూ ఒకే రంగు తొడిగి దగ్గరగా నిలబడితే ఒక ముద్ద, రెండు తలలు. ఒకరు ముదురు, ఒకరు లేత వేసుకోవాలి. అన్నీ విన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. మా వైపు "ఆయ్, అలాగేనండి" అంటే మీ మాట చెవిన పడిందని అర్థం, అంతకంటే ఏమీ ఆశించకూడదు.

ఆరు జతల్లో ఒకటి అద్దె గౌను. మందార రంగు జార్జెట్టు, అంచంతా ముత్యాలు, వెనక అయిదు మీటర్ల తోక. "ఫ్రీ సైజండి" అన్నాడు షాపాయన. ఫ్రీ సైజంటే ఎవరికీ సరిపోనిది. వెనక తాళ్ళు గుంజి కట్టాలి, అప్పటికీ మిగిలిన వదులుని బట్టల క్లిప్పులతో పట్టాలి. మొత్తం ఎనిమిది పట్టాయి, నీలంవి నాలుగు, పచ్చవి నాలుగు, మెడ దగ్గర్నుంచి నడుం దాకా వరసగా. ముందు నుంచి చూస్తే రాకుమారి, వెనక నుంచి చూస్తే డాబా మీద దండెం. ఇలాంటి గౌను వేసినప్పుడు డ్రోను పెట్టెలోనే ఉంచాలి.

అద్దె మూడు వేలు, అడ్వాన్సు అయిదు వేలు. చీటీ వెనక చీమతలకాయలంత అక్షరాల్లో జరిమానాలు: చిరుగుకి ఇంత, మరకకి ఇంత, ముత్యం రాలితే ఒక్కోదానికి ఇరవై. గౌను చేతికి రాగానే షాపులోనే, ఆయన కళ్ళముందే, అంచు చుట్టూ ఫోనుతో వీడియో తీసుకోవాలి. అది అందరికీ చెప్పేదీ మేమే, తియ్యనిదీ మేమే. ఆ రోజు ఆయన షట్టరు సగం దించి "కానివ్వండి, కానివ్వండి" అంటూ నిలబడ్డాడు.

మేకప్పు చెదురుతుందని డిసెంబరు చలిలో కారులో ఏసీ వేయించడం, బయటికి తియ్యగానే లెన్సుకి ఆవిరి పట్టడం, అందరం దాని చుట్టూ కాపలా కాసినట్టు నిలబడ్డం, పెళ్ళికూతురి హైహీల్సు గట్టు మట్టిలో మేకుల్లా దిగబడితే రబ్బరు చెప్పులు తొడగడం (గౌను కింద ఎవడు చూస్తాడు), ఇవన్నీ మామూలే.

తోక విసరడం మాత్రం ఒక విద్య. కొస రెండు చేతులా పోగుచేసి పట్టుకుని, గాలికి వీపు పెట్టి, పెళ్ళికూతురికి ఏటవాలుగా నిలబడాలి. "ఒకటి, రెండు" అని మూడు పూర్తయ్యేలోపు పైకీ పక్కకీ కలిపి విసిరి, వంగి ఫ్రేములోంచి పరుగెత్తాలి. ఉత్తినే పైకి విసిరితే ఆవిడ నెత్తిన ముసుగు పడుతుంది. ఉత్తినే పక్కకి విసిరితే గట్టు ఊడుస్తుంది. జార్జెట్టు కాబట్టి ఎగిరింది, శాటిన్ అయితే దుప్పటి దులిపినట్టే. షట్టరు సెకనులో వెయ్యో వంతు పెట్టి వరసగా పదిహేను కొడితే ఒకటి పనికొస్తుంది. మొదటిసారి పెళ్ళికొడుకు తల తోకలో చిక్కుకుంది. రెండోసారి కనురెప్పలు మూశాడు. మూడోసారికని గట్టు మీద టార్పాలిన్ పరిచి, దాని మీద తోకని ముడతల్లేకుండా సాపుచేసి, ఫొటోగ్రాఫరు బ్యాటరీ మార్చుకుంటుండగా వచ్చాయి.

బాతులు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. సార్వా, అంటే వానాకాలం వరి, కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలకీ, నత్తలకీ బాతుల మందల్ని తోలుకొస్తారు. మంద అంటే పదీ ఇరవై అనుకునేరు, వందల్లో ఉంటాయి. వాటిని తోలడానికి పొడుగాటి కర్రతో వెనకెక్కడో ఒకే మనిషి. మేకలైతే అదిలిస్తే చెదురుతాయి. బాతులు చెదరవు, ముందుదాని తోక పట్టుకుని నడుస్తాయి. ముందుది మా తోక దగ్గర ఆగింది. మెడ వంచి ఒక కంటితో చూసింది. మెడ తిప్పి రెండో కంటితో సరిచూసుకుంది. పెళ్ళివారు ఎదురొచ్చి పరిచిన నడకబట్ట అనుకుందో ఏమో, హుందాగా అడుగుపెట్టింది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరం? పెళ్ళికూతురు కదిలితే బట్ట లాగి, పైనున్నవి ఒకదాని మీద ఒకటి పడి గోల చేస్తున్నాయి. కదలకుంటే ఇంకో పాతిక ఎక్కుతున్నాయి. పెళ్ళికొడుకు సూటూ బూటుతో ముందుకురికి "హుష్, హుష్" అన్నాడు. అది కోళ్ళ భాష. వాటికి అర్థం కాలేదు. "కదలొద్దండి, బ్రహ్మాండంగా ఉంది" అని ఫొటోగ్రాఫరు నేల మీద బోర్లా పడుకుని కొడుతూనే ఉన్నాడు. దూరం నుంచి కర్రాయన కేకేశాడు.

"కంగారుపడకండమ్మా, అయ్యేం చెయ్యవు. ఎల్లిపోతాయ్."

"ఎంతసేపండీ?"

"ఎన్నున్నాయో అంతసేపండి."

పోనీ నడిచి పోయినా సరే. సగం దాటాక ఒక దానికి ముత్యం కనపడింది. నత్తపిల్ల అనుకుని పీకింది, నోట్లో తిప్పింది, బాగోలేదని ఉమ్మేసింది. వెనకది దాని మాట నమ్మలేదు, తనే ఇంకోటి పీకి చూసింది. ఆ వెనకది కూడా స్వయంగా తేల్చుకోదలిచింది. ఇరవై, నలభై, అరవై అని మా వాడొకడు మనసులో అనుకోకుండా పైకే లెక్కపెడుతున్నాడు. బురద అంటిన పాదం జార్జెట్టు మీద ఎంత అందంగా పడుతుందంటే, మూడు వేళ్ళూ మధ్య పొరా అచ్చు గుద్దినట్టు. నడిచేటప్పుడు బాతు ఇంకో పని కూడా చేస్తుంది, ఆ వివరం మీ ఊహకి.

ఈ లాగుళ్ళకి వెనక క్లిప్పులు ఊడడం మొదలైంది. టక్. టక్. నీలం ఒకటి ఎగిరి కాలవలో పడింది. నాలుగోది పోయేసరికి పెళ్ళికూతురు రెండు చేతులూ గుండెకి అడ్డంపెట్టుకుని "అత్తా!" అని కేక. ఏడో జత అప్పుడు బయటికొచ్చింది. మేనత్తగారు ఆ పాత నేత చీర విప్పి, పిల్లని పంచాంగం గుడ్డలో చుట్టినట్టు చుట్టేసి, మా అందరి వంకా ఒక చూపు చూశారు. ఆ చూపు సంగతి రాయను.

మంద దాటాక ఊరుకున్నా బాగుండేది. తడి బురదని ముట్టుకోకూడదు, ఆరనిచ్చి దులపాలి. రెట్టనైతే చల్లటి నీళ్ళలో అద్ది వదలాలి, రుద్దితే పోగుల్లోకి పోతుంది. ఇవి మేం చెప్పేలోపు పెళ్ళికొడుకు బావగారు బకెట్టుడు కాలవ నీళ్ళు తెచ్చి, సబ్బుతో, నడుంకట్టి రుద్దారు. మరక పోలేదు, మందార రంగు దిగి తెల్ల లైనింగు గులాబీ అయింది.

రాత్రి ఎనిమిదింటికి షాపులో ఆయన గౌను బల్ల మీద పరిచి, వైద్యుడిలా చూశాడు. చీటీలో బాతులకి గడి లేదు. "ఇతరములు" అని రాసి రెండు వేల అయిదొందలు వేశాడు, ముత్యాలకి విడిగా ఏడొందల ఎనభై. నడుం దగ్గర అరచేయంత పసుపు మరక చూపించి ఇంకో అయిదొందలు.

"ఇది పాతదండీ. బాతులు పసుపు రాసుకోవు కదా."

"వీడియో ఉందాండి?"

నోరు మూసుకున్నాం. "ఇంకిది దేనికీ పనికిరాదండీ, మీరే చూస్తున్నారుగా" అని నిట్టూర్చి, అడ్వాన్సులో మిగిలిన పన్నెండొందల ఇరవై లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. మేం గుమ్మం దిగుతుంటే ఇంకో జంట ఎక్కుతోంది. పొద్దున్నే అయిదున్నరకి కడియం నర్సరీల్లో షూటుట, ఎర్ర గౌను కావాలిట. ఆయన సెంటు సీసా తీసి రెండుసార్లు కొట్టి, అదే గౌను ఎత్తి చూపించాడు. ఆ అమ్మాయి తోక పట్టుకుని, వేలితో ఆ మూడు వేళ్ళ గుర్తుల్ని తడుముతూ అడిగింది.

"ఇదేం డిజైనండీ?"

"బాతిక్ ప్రింటండి."