సవరణ: హెక్స్ ఇన్‌పుట్‌కి స్కాన్‌ఎఫ్ ఒక్కటే చాలదు

యూజర్ టైప్ చేసిన హెక్స్ (0-9, ఎ-ఎఫ్‌లతో 16 ఆధారంగా రాసే) సంఖ్యను సీ ప్రోగ్రామ్‌లో చదవాలంటే ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌లో పర్సెంట్ ఎక్స్ పెడితే సరిపోతుందని మొన్నటి పోస్టులో ఉంది కదా, అది ల్యాబ్ రికార్డు వరకే అనుకోండి. బయటివాళ్లు వాడే ప్రోగ్రామ్‌లో వద్దు.

1ఎఫ్ అని కొడితే 31 వస్తుంది, బానే ఉంది. 1ఎఫ్‌జెడ్ అని కొట్టినా అదే 31 ఇచ్చి, అంతా సవ్యంగా ఉన్నట్టు, ఒక విలువ చదివానని 1 రిటర్న్ చేస్తుంది, ఆ జెడ్ మాత్రం బఫర్‌లోనే (ఇంకా చదవని అక్షరాలు ఆగే చోట) తిష్ఠ వేసి తర్వాతి స్కాన్‌ఎఫ్‌కి అడ్డం పడుతుంది. లూప్‌లో ఉంటే ఇక చూస్కోండి!

అందుకే ఎఫ్‌గెట్స్‌తో లైను మొత్తం తీసుకుని అక్షరాలను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోయూఎల్ ఫంక్షన్‌కి బేస్ 16తో ఇవ్వండి. ముందు జీరో ఎక్స్ ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. పిలిచే ముందు ఎర్‌నోని (సీలో ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్‌ని) సున్నా చేయాలి, అది దానంతటది కాదు. పిలిచాక ఎండ్ పాయింటర్ (చదవడం ఎక్కడ ఆగిందో చూపేది) మొదట్లోనే ఉంటే ఒక్క అంకె కూడా దొరకలేదని, న్యూలైనో స్ట్రింగ్ చివరో కాక ఇంకేదైనా చూపిస్తే వెనక చెత్త ఉందని, ఎర్‌నో ఈరేంజ్ (పరిధి దాటిందనే కోడ్) అయితే సంఖ్య పట్టలేదని అర్థం.

బేస్ 0 ఇస్తే సంఖ్య ఏ బేస్‌లో ఉందో అదే కనిపెట్టుకుంటుందిగా అని కొందరు అంటారు. కానీ 010ని ఆక్టల్ (8 ఆధారంగా రాసిన సంఖ్య) అనుకుని 8 చేస్తుంది, ఉత్త ఎఫ్‌ఎఫ్‌ని అసలు తీసుకోదు.

ఇంకోటి, -1 ఇస్తే స్ట్ర్‌టోయూఎల్ కిక్కురుమనకుండా అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పూర్ణాంకాల టైప్) గరిష్ఠ విలువ చేతిలో పెడుతుంది, మైనస్‌ని మనమే ముందు పట్టుకోవాలి. ఆ లాంగ్ కూడా 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లే.