కఫన్ అడిగిన యాసీన్ బువా

కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల పుస్తకం ‘హార్ట్ ల్యాంప్’కి 2025 మే నెలలో, ఇంగ్లిష్‌లోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చాక, ఆ పుస్తకం గురించి కంటబడిన సమీక్షలన్నీ చదివాను. చాలావరకు ‘ముస్లిం స్త్రీల కన్నీటి గాథలు’ అనే మాట దగ్గరే ఆగిపోయాయి. ఆ మాట తప్పు కాదు. కానీ అయ్యో పాపం అనుకుంటూ చదివితే ఈ పుస్తకం సగమే అందుతుంది, ఎందుకంటే ఇందులో మంచి కథలన్నీ పాపం అనుకునేవాళ్లనే నిలబెట్టి అడుగుతాయి.

మొత్తం 12 కథలు. 1990 నుంచి 2023 దాకా కన్నడంలో రాసినవాటిలోంచి దీపా భస్తి ఏరి ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఒక కథా సంపుటికి ఈ బహుమతి రావడం ఇదే మొదటిసారి, కన్నడానికీ ఇదే మొదటిసారి. రచయిత్రి కర్ణాటకలోని హాసన్‌లో లాయరు, బండాయ అనే కన్నడ తిరుగుబాటు సాహిత్యోద్యమంలోంచి వచ్చిన మనిషి.

నన్ను రెండు రోజులు వదలకుండా పట్టుకున్న కథ కఫన్ గురించినది, అంటే ముస్లింలు శవానికి చుట్టే గుడ్డ గురించి. యాసీన్ బువా అనే పేద ముసలమ్మ, హజ్‌కి వెళ్తున్న షాజియా చేతిలో తను కూడబెట్టుకున్న డబ్బు పెట్టి, మక్కాలోని పవిత్రమైన జంజం నీళ్లలో ముంచిన కఫన్ తెచ్చిపెట్టమని అడుగుతుంది. షాజియా అక్కడ తనకి కావలసినవన్నీ కొనుక్కుని, ఇది మాత్రం మర్చిపోతుంది. ముసలమ్మ పోయిన రోజు కొడుకు వచ్చి అమ్మ కఫన్ ఇవ్వమంటాడు. అప్పుడు మొదలవుతుంది షాజియాకి టెన్షన్, ఊళ్లో ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమోనని వెతుకులాట. ఇక్కడ కొట్టే మొగుడు లేడు, తలాక్ లేదు. జరిగిందల్లా ఒక మరుపు. కాశీకి వెళ్తుంటే ‘నాక్కూడా కాస్త గంగ తెచ్చిపెట్టమ్మా’ అని అడిగిన పనిమనిషి మన ఇళ్లలో లేదా? ఆవిడ అడిగింది మనకెంతసేపు గుర్తుంది? కథ చదివాక నేను షాజియాని తిట్టలేకపోయాను.

మొదటి కథలో జీనత్ ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోతుంది, భర్తని ఏమని చెప్పాలి అని. యజమాని అంటే తను దాసి అవుతుంది కదా అని ఆమె బాధ. తెలుగులో కూడా ఇంతే కదా, మావారు, ఇంటాయన, పెనిమిటి, ఏ మాట ముట్టుకున్నా ఏదో ఒక బరువు ఉంటుంది, భర్త అన్నా భరించేవాడనే అర్థం. ఆ పేజీ మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్ని కథలూ ఇలా లేవు, ఆ సంగతీ చెప్పాలి. కొన్నిటిలో మగవాళ్లంతా ఒకే అచ్చులో పోసినట్టుంటారు, రెండో పేజీకే వాళ్లేం చేయబోతున్నారో తెలిసిపోతుంది. దేవుణ్ని ఒక్కసారి ఆడదానిగా పుట్టి చూడమనే చివరి కథలో ఆవేశం నిజమైనదే, కానీ అది కథగా కన్నా ప్రసంగంగా ఎక్కువ వినిపించింది నాకు. పుస్తకం పేరు పెట్టుకున్న కథ మాత్రం అలా కాదు. కిరోసిన్ పోసుకున్న మెహరున్‌ని కూతురు సల్మా ఆపే ఘట్టంలో ఉపన్యాసం ఒక్క ముక్క కూడా లేదు, పిల్ల ఏడుపు తప్ప.

పుస్తకంలో అనువాదకురాలి వ్యాసం కూడా ఒకటుంది, దాన్ని దాటేయకండి. కన్నడ, ఉర్దూ మాటల్ని వాలు అక్షరాల్లో పెట్టననీ, అడుగున నోట్సు ఇవ్వననీ ఆవిడ గట్టిగా నిలబడ్డారు. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే వాలు అక్షరాలు పెట్టగానే ఆ మాట పరాయిదైపోతుంది, ఇంట్లోవాళ్లని చుట్టాల్లా కూర్చోబెట్టినట్టు. ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ‘సెరగు’ అని కనిపించినప్పుడు నేను ఆగి మళ్లీ చదివాను. అది మన చెరగే, చీర కొంగు. పక్క రాష్ట్రంలో రాసిన ఆ మాట నా దగ్గరికి లండన్ తిరిగి ఇంగ్లిష్ లిపిలో వచ్చింది, అందుకు నాకు సంతోషమూ వేసింది, బాధా కలిగింది.

తెలుగులోకి ఈ కథల్ని చేసేవాళ్లకి నాదొక్కటే విన్నపం. దయచేసి కన్నడం నుంచే చేయండి, సెరగు వచ్చిన చోట చెరగు అనే రాయండి.