రికార్డు ఒకటి, స్పీడు ఇంకొకటి

బైరాగిపట్టెడలో మా పక్కింటి మామ కొడుక్కి బెంగళూరులో పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి హౌస్ మ్యూజిక్, అంటే క్లబ్బుల్లో ఎగరడానికి వేసే బీట్ సంగీతం. వెనక కంపెనీ గింపెనీ ఏమీ లేకుండా సొంత జీతం పెట్టి పన్నెండంగుళాల వినైల్ రికార్డు వేయించి, మొదటి కాపీ వాళ్ల నాయనకే పంపినాడు. ఫోన్లో పంపితే పోయేదానికి ఈ నల్ల ప్లేటు ఎందుకురా అంటే వాడికి కోపం, నేను అడగను.

మామ దగ్గర పాత ప్లేయరుంది. దానిమీద ఇన్నేళ్లూ తిరిగినవన్నీ కీర్తనల ఎల్పీలే, అంటే నిమిషానికి 33 చుట్లు, స్పీడు మార్చే మీట అక్కడే బిగుసుకుపోయింది. డీజేల పన్నెండంగుళాల రికార్డుల్లో మాత్రం చాలావాటిని 45లో తిప్పాలి, వేగం పెరిగితే గాడి పొడవునా శబ్దానికి చోటు ఎక్కువ దొరికి బీట్ దెబ్బ గట్టిగా పలుకుతుంది. లేబుల్ మీద 45 అని పెద్దగానే ఉంది. మామ దాన్ని రేటు అనుకున్నాడు.

కొడుకు రికార్డు కదా, చెక్కభజన బృందాన్ని మొత్తం పిలిచి, టిఫిన్ పెట్టి, ముల్లు దించినాడు. నిమిషానికి 124 దెబ్బలు పడాల్సిన పాట 92కి దిగిపోయింది. పాడిన అమ్మాయి గొంతు ఎవరో పెద్దాయన గొంతై, ఇంగ్లీషు మాటలు ఏవో మంత్రాల్లా సాగుతుంటే "సంస్కృతమా సామీ?" అని ఒకాయన చేతులు జోడించినాడు. ఇంకొకాయన చెక్కలు తీసినాడు. 1980లలో చికాగో క్లబ్బుల్లో ఫ్రాంకీ నకల్స్ లాంటి డీజేలు తెల్లారేదాకా జనాన్ని ఎగిరించిన సంగీతం ఇది, మా వాళ్లకూ తెల్లారేదాకా ఎగరడం కొత్తేం కాదు, కాబట్టి హాల్లో కుర్చీలు జరిపేసినారు.

అప్పుడే వీడియో కాల్‌లో కొడుకు. రెండు నిమిషాలు విని, "నాయనా, అది నా పాట కాదు" అన్నాడు.

"నీదేరా, నీ పేరుంది."

విషయం తెలిసి నేను మీటను బలవంతంగా 45కి నెట్టినాను. బీట్ దడదడమంది, గొంతు సన్నబడింది, చెక్కలు తాళం తప్పినాయి, పెద్దాయన ఒకాయన నడుం పట్టుకుని కూర్చుండిపోయినాడు. కొడుకేమో ఫోన్లో మురిసిపోతూ "ఆ, ఇదీ!" అంటున్నాడు.

మామ లేచి మీట మళ్లీ 33కి తిప్పి, "నువ్వు తొందరపడి చేసినావురా, వచ్చేసారి నిదానంగా చెయ్" అని ఫోన్ పెట్టేసినాడు. బృందం వాళ్లు రెండో వైపు వెయ్యమంటున్నారు.